మాయన్ నగరాల యాత్ర: చిచెన్ ఇట్జా, ఉష్మాల్, కాలాక్‌ముల్, టికాల్... మీ స్నేహితుల బృందానికి ఏది కుదురుతుంది?

అమెరికాలో ఉండే మనవాళ్ళకి లాంగ్ వీకెండ్ అనగానే గుర్తొచ్చే ఊళ్ళలో మెక్సికో తీరంలోని కాంకున్ ఒకటి. టెక్సాస్ నుంచి విమానంలో రెండు మూడు గంటల ప్రయాణం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. నలుగురైదుగురు స్నేహితులు కలిస్తే కారు, గది ఖర్చులు కూడా తేలిగ్గా సర్దుకుంటాయి. అయితే బీచ్ ప్లాన్ ఖాయమయ్యాక, అక్కడి ప్రాచీన జాతి మాయన్లు కట్టిన పిరమిడ్ల మాట వస్తుంది, అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపులో చర్చ తెగదు. ఒకరు చిచెన్ ఇట్జా అంటారు. అక్కడ జనం ఎక్కువ, కోబా వెళ్దాం అని ఇంకొకరు. అడవి వీడియోలు చూసినవాళ్ళు కాలాక్‌ముల్ అంటారు. ఎవరో ఒకరు ఏకంగా గ్వాటెమాలాలో ఉన్న టికాల్ పేరు తెస్తారు. చివరికి ఏదీ తేలక, హోటల్లో అమ్మే బస్ టూర్ కొనుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. వెయ్యేళ్ళ నాటి నగరాన్ని చూడాల్సిన పద్ధతి అది కాదని నా గట్టి అభిప్రాయం.

ఏ పిరమిడ్ గొప్పదన్నది తర్వాతి మాట. తీరం వదిలి లోపలి ఊళ్ళలో ఎన్ని రాత్రులు పడుకోగలరో ముందు తేల్చుకోండి. తులూమ్ లాంటి ఒకటి రెండు తప్పితే మాయన్ల పెద్ద నగరాలన్నీ సముద్రానికి దూరంగా, అడవుల్లోనే ఉన్నాయి. మెక్సికో ఆగ్నేయ మూలనున్న యుకతాన్‌లో గేట్లు సాధారణంగా ఉదయం 8 గంటలకు తెరుస్తారు. కాంకున్ నుంచి వచ్చే టూర్ బస్సులు పదిన్నర, పదకొండు దాటితే గానీ అక్కడికి చేరవు. రాత్రి దగ్గర్లోని ఊళ్ళో పడుకున్నవాళ్ళకి ఆ రెండు మూడు గంటలూ దక్కుతాయి. ఎండ ముదరదు, గుంపులు ఉండవు, గైడ్ చెప్పేది వినపడుతుంది. అందుకే కింద చెప్పినవన్నీ రాత్రుల లెక్కతోనే చూడండి.

ఒక్క రాత్రి ఉంటే: చిచెన్ ఇట్జా, వయ్యదోలిద్

కాంకున్ నుంచి చిచెన్ ఇట్జా సుమారు 200 కిలోమీటర్లు. టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. దానికి ముందు 45 కిలోమీటర్ల దూరంలో వయ్యదోలిద్ అనే పాత స్పానిష్ ఊరుంది. రంగురంగుల గోడలు, మధ్యలో చర్చి, దాని ముందు చెట్ల నీడలో పార్కు. రాత్రి అక్కడ దిగి, తెల్లవారి ఏడింటికల్లా బయల్దేరితే గేటు తీసే వేళకి చేరిపోతారు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కాంకున్, తులూమ్ ఉన్న కింతానా రో రాష్ట్రం కన్నా చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ రాష్ట్రం గడియారం ఒక గంట వెనక. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు గంట పోతుంది. రిటర్న్ ఫ్లైట్ రోజున ఇది మర్చిపోతే టెన్షన్ తప్పదు. ఫోన్ తనంతట తాను టైమ్ మార్చుకుంటుంది కాబట్టి, ఆ రోజు ప్లాన్ మొత్తం కాంకున్ టైమ్‌లోనే రాసి పెట్టుకోండి.

చిచెన్ ఇట్జా పేరు ఊరికే రాలేదు. కుకుల్కాన్ అనే రెక్కల పాము దేవుడి గుడి ఉన్న పెద్ద పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్లు, పైన ఒక అరుగు. మొత్తం 365. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రపు ఎండ ఉత్తరపు మెట్ల అంచున త్రికోణాల నీడలు వేస్తుంది. పాము కిందికి దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ రెండు మూడు రోజులూ వేలమంది వస్తారు కాబట్టి, నీడ చూడాలన్న పట్టుదల లేకపోతే ఆ తేదీలు వదిలేయండి. పిరమిడ్ ఎక్కడానికి ఎన్నో ఏళ్ళుగా అనుమతి లేదు. కానీ మెట్ల ఎదురుగా నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. తిరిగొచ్చేది చప్పట్టు శబ్దం కాదు, పిట్ట కూత. మెట్ల వరస ఆ శబ్దాన్ని విరిచి పంపడం వల్ల అలా వినిపిస్తుంది. క్వెట్‌సాల్ పక్షి కూతలా ఉంటుందని అక్కడి గైడ్లు చెప్తారు. తొమ్మిదింటికి ముందైతే ఇది స్పష్టంగా వినొచ్చు. పదకొండు తర్వాత ప్రతి మూలా చప్పట్లే, వాటి మధ్యలో దారి పొడవునా బొమ్మలమ్మేవాళ్ళు ఊదే, జాగ్వార్‌లా (చిరుతపులిని పోలిన జంతువు) గర్జించే ఈలలు.

పిరమిడ్ దగ్గరే ఆగిపోకుండా మాయన్లు ఆడుకున్న బంతాట మైదానానికి నడవండి. 168 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ఇరువైపులా నిట్టనిలువు గోడలు, వాటి మీద ఆరు మీటర్ల ఎత్తున రాతి రింగులు. గోడ అడుగున చెక్కిన బొమ్మల్లో తల తెగిన ఆటగాడి మెడ నుంచి పాముల్లా, తీగల్లా పారుతున్న రక్తం ఉంటుంది. గైడ్ లేకుండా చూస్తే అది కంటికి ఆనదు. గైడ్ రుసుము మనిషికి కాకుండా బృందానికి ఉంటుంది కాబట్టి స్నేహితులతో వెళ్ళినప్పుడు దాన్ని మిగుల్చుకోవాలని చూడకండి. గేటు దగ్గర ప్రభుత్వ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్నవాళ్ళనే తీసుకోండి.

మధ్యాహ్నం వయ్యదోలిద్ చుట్టుపక్కల సెనోటేలో ఈత. సున్నపురాయి పైకప్పు కూలి, భూగర్భజలం బయటపడ్డ పెద్ద గుంట అది. యుకతాన్ ఉత్తర భాగంలో నదులు లేవు, ఈ నీళ్ళతోనే అక్కడి నగరాలు బతికాయి. దిగేముందు షవర్ చేసి సన్‌స్క్రీన్ కడుక్కోమంటారు. ఆ నీళ్ళు కింద ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా పాటించాలి. ఈత రానివాళ్ళకి లైఫ్ జాకెట్లు దొరుకుతాయి.

కోబా, ఏక్ బలామ్ సంగతి

మీ గది తులూమ్‌లో ఉండి, ఒక పూట మాత్రమే చేతిలో ఉంటే కోబా. 45 కిలోమీటర్లే. చెట్ల నీడలో మట్టి దారులు, లోపల అద్దె సైకిళ్ళు, తొక్కలేనివాళ్ళకి ముందు కూర్చోబెట్టి తొక్కుకెళ్ళే మూడు చక్రాల బండ్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఎండ పడనివాళ్ళు ఉన్న బృందానికి ఇంతకన్నా హాయైన చోటు లేదు. నొహోచ్ ముల్ పిరమిడ్ 42 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు తాడు పట్టుకుని పైదాకా ఎక్కనిచ్చేవారు. 2020 కోవిడ్ సమయంలో మూసేసి ఏళ్ళ తరబడి అలాగే ఉంచారు. ఎక్కడం కోసమే వెళ్ళేట్టయితే బయల్దేరే ముందు కనుక్కోండి. ఎక్కకపోయినా కోబాలో చూడాల్సింది దారులే. ఇక్కడి నుంచి పడమటికి యషునా దాకా దాదాపు 100 కిలోమీటర్లు మాయన్లు తెల్లటి సున్నపు రోడ్డు వేశారు. చక్రాల బండ్లు, గుర్రాలు లేకుండా మనుషులు నడవడానికి వేసిన రోడ్డు అది. మీరు సైకిల్ తొక్కే దారుల్లో కొన్ని ఆ రోడ్లే.

ఏక్ బలామ్ వయ్యదోలిద్‌కి ఉత్తరంగా అరగంట దూరంలో ఉంది. చిన్నది. కానీ అక్కడి పెద్ద కట్టడం నడుమ సున్నంతో మలిచిన ద్వారం ఒకటుంది, నోరు తెరిచిన రాక్షసి పళ్ళతో సహా. ఉకిత్ కాన్ లెక్ తోక్ అనే రాజు సమాధి అది. దాని పైన రెక్కలున్న మనుషుల బొమ్మలు. వయ్యదోలిద్‌లో రెండో రాత్రి కూడా ఉండగలిగితే కలుపుకోండి. దాని కోసమే ప్రత్యేకంగా కాంకున్ నుంచి రానక్కర్లేదు.

రెండు రాత్రులు ఉంటే నా ఓటు ఉష్మాల్‌కే

చిచెన్ ఇట్జా, ఉష్మాల్‌లలో ఒక్కటే చూడగలిగితే, పేరు పక్కన పెట్టి ఉష్మాల్‌కే వెళ్ళమని చెప్తాను. కాంకున్ నుంచి యుకతాన్ రాష్ట్ర రాజధాని మెరిడాకి 300 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కణ్ణుంచి దక్షిణంగా 80 కిలోమీటర్లు, గంటంపావు. దూరం వల్లే కాంకున్ బస్సులు ఇక్కడికి పెద్దగా రావు.

ముందు కనిపించేది మాంత్రికుడి పిరమిడ్. దాదాపు 35 మీటర్ల ఎత్తు. మిగతా పిరమిడ్లకి ఉన్న పదునైన మూలలు దీనికి లేవు, అడుగు భాగం కోడిగుడ్డు ఆకారంలో గుండ్రంగా తిరుగుతుంది. గుడ్డులోంచి పుట్టిన ఒక మరుగుజ్జు దీన్ని ఒకే రాత్రిలో కట్టి రాజ్యం గెలుచుకున్నాడని అక్కడి కథ. నిజానికి శతాబ్దాల పాటు ఒకదాని మీద ఒకటి ఐదు సార్లు కట్టారు. దాని వెనక నాలుగు భవనాలు చుట్టుకున్న పెద్ద వాకిలి. స్పానిష్‌వాళ్ళు దానికి సన్యాసినుల మఠం అని పేరు పెట్టారు గానీ మఠంతో దానికి సంబంధం లేదు.

అక్కడ గోడల దగ్గరికి వెళ్ళి నిలబడండి. కింది సగం నున్నగా, ఖాళీగా ఉంటుంది. పై సగమంతా చెక్కిన రాతి ముక్కల కూర్పు: అల్లిక గీతలు, మెట్ల గీతలు, పాములు, పూరి గుడిసెల బొమ్మలు, మూలల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన వాన దేవుడు చాక్ ముఖాలు. ప్రతి ముఖానికీ పొడుగ్గా వంకీ తిరిగిన ముక్కు. కాస్త దగ్గరగా చూస్తే ముఖం మొత్తం ఒకే రాయి కాదని తెలుస్తుంది. కన్ను ఒక రాయి, కనుబొమ్మ ఒక రాయి, ముక్కు ఇంకో రాయి. ఒకే కొలతలో వందల ముక్కలు చెక్కి తెచ్చి ఇక్కడ అమర్చారు. ఇనుప పనిముట్టు లేకుండా. గవర్నర్ భవనం ముఖద్వారం వైపు ఇలాంటి ముక్కలు వేల సంఖ్యలో ఉన్నాయి. దాదాపు 100 మీటర్ల పొడవున్న ఆ భవనం ముందు రెండు తలల జాగ్వార్ ఆకారంలో రాతి ఆసనం ఉంటుంది. దాని పక్కన నిలబడి ఆ గోడను చివరి నుంచి చివరికి నింపాదిగా చూడటానికే అరగంట కేటాయించండి.

వాన దేవుడు ఇన్ని చోట్ల ఎందుకున్నాడో అర్థమైతే ఆ ఊరు ఇంకా నచ్చుతుంది. ఉత్తరాన ఉన్నట్టు ఇక్కడ సెనోటేలు లేవు, నీటిమట్టం చాలా లోతు. రాయలసీమలో చెరువు నిండితేనే ఊరు బతికినట్టు, ఇక్కడ నేలలో తవ్విన సీసా ఆకారపు తొట్లలో పడ్డ వాననీళ్ళే ఏడాదంతా ఆధారం. ఆ తొట్లను చుల్తూన్ అంటారు. ఉష్మాల్‌లో నడుస్తుంటే వాటి నోళ్ళు కనిపిస్తాయి, చూపించమని గైడ్‌ని అడగండి.

కారు మీదే అయితే అక్కణ్ణుంచి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కబాహ్‌కి వెళ్ళండి. ఒకే గోడ మీద సుమారు 250 చాక్ ముఖాలు. ముక్కులు చాలావరకు విరిగిపోయాయి, కళ్ళు మాత్రం వరసలు వరసలుగా మిమ్మల్నే చూస్తుంటాయి. సాయిల్, లబ్నా కూడా అదే దారిలో ఉన్నాయి. అన్నీ ఒకే రోజు చుట్టేయాలని చూస్తే చివరి రెండూ కళ్ళకి ఎక్కవు. ఉష్మాల్, కబాహ్ చాలు. రాత్రికి మెరిడా చేరుకుంటే పాత ఊరి వీధుల్లో తిరగొచ్చు. బృందంలో ఫొటోలు తీసేవాళ్ళుంటే ఉష్మాల్ గేటు పక్కనున్న హోటళ్ళలోనే ఉండి, పొద్దున్న ఎనిమిదింటి వెలుగు పట్టుకోండి.

మూడు రాత్రులు, అందరికీ ఓపిక ఉంటే: కాలాక్‌ముల్

ఇది అందరికీ చెప్పే చోటు కాదు. కాంకున్ నుంచి దక్షిణంగా చెతుమాల్ మీదుగా ష్పుహిల్ అనే చిన్న ఊరికి సుమారు 500 కిలోమీటర్లు. మధ్యలో బకలార్ సరస్సు దగ్గర ఒక రాత్రి ఆగితే ప్రయాణం తేలికవుతుంది. ష్పుహిల్ నుంచి పడమరగా వెళ్ళి కొన్‌వాస్ దగ్గర హైవే వదిలితే అడవిలో ఇంకో 60 కిలోమీటర్ల సన్నని దారి. వేగంగా పోవడానికి వీల్లేదు, పోకూడదు కూడా. నెమలికన్నుల తోకతో మెరిసే అడవి టర్కీ కోళ్ళు దారి మధ్యలో నింపాదిగా నడుస్తుంటాయి. ఆ దారికే గంటన్నర పెట్టుకోండి. ఊరి పంచాయతీకి, అభయారణ్యానికి, పురావస్తు శాఖకి విడివిడిగా రుసుము కట్టాలి, కాబట్టి చిల్లర పెసోలు దగ్గరుంచుకోండి. లోపల తిండి దొరకదు. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు, తినడానికేమైనా మీరే తీసుకెళ్ళాలి. పెట్రోల్ ముందు రోజే ష్పుహిల్‌లో పోయించుకోండి.

ఇంత కష్టం ఎందుకంటే, పెద్ద పిరమిడ్ పైకెక్కాక నాలుగు దిక్కులా అడవి తప్ప ఇంకేమీ కనపడదు. కరెంటు తీగ లేదు, టవర్ లేదు, రోడ్డు లేదు. దక్షిణాన గ్వాటెమాలా సరిహద్దు 35 కిలోమీటర్లు. అడవిలో పొడుచుకొచ్చిన గుట్టల్లాంటివన్నీ ఇంకా తవ్వని కట్టడాలే. ఇక్కడ ఆరువేలకు పైగా కట్టడాలు గుర్తించారు. 1931లో సైరస్ లుండెల్ అనే వృక్షశాస్త్రవేత్త విమానంలోంచి చూసి ఈ నగరాన్ని బయటి ప్రపంచానికి తెలియజేశాడు. అప్పట్లో అతను చూయింగ్ గమ్ కోసం జిగురు సేకరించే కంపెనీలో పని చేసేవాడు. ఆ జిగురు ఏ చెట్టుదో తెలుసా? సపోటా చెట్టుది. మనం తినే సపోటా పుట్టిల్లు ఈ అడవులే.

ఒక రోజు మిగిలితే హైవే పక్కనే ఉన్న బెకాన్ చూడండి. ఊరి చుట్టూ కందకం తవ్వుకున్న నగరం. సాయంత్రం బలమ్‌కూ దగ్గర ఒక గుహలోంచి లక్షల గబ్బిలాలు సుడి తిరుగుతూ బయటికొస్తాయి. పిరమిడ్ల మీద అంత ఆసక్తి లేని స్నేహితుడు కూడా ఆ దృశ్యానికి నోరు తెరుస్తాడు.

వేరే దేశం, వేరే స్థాయి: టికాల్

జీవితంలో ఒక్క మాయన్ నగరమే చూస్తానంటే టికాల్ చూడండి. ఇది కాంకున్ ట్రిప్‌కి తోక కాదు, దీనికోసం విడిగా నాలుగైదు రోజుల ప్రయాణం వేసుకోవాలి. గ్వాటెమాలా సిటీ నుంచి ఫ్లోరెస్‌కి విమానంలో గంట, ఫ్లోరెస్ నుంచి రోడ్డు మీద 65 కిలోమీటర్లు. ఫ్లోరెస్ సరస్సు మధ్యలో దీవి మీద ఉన్న అందమైన ఊరు. అయినా ఒక్క రాత్రన్నా పార్కు లోపలున్న హోటల్లో ఉండండి. అక్కడ కరెంటు, వేడినీళ్ళు పట్నంలో ఉన్నట్టు ఉండకపోవచ్చు. ఆ సంగతి బృందానికి ముందే చెప్పి పెట్టుకోండి.

సూర్యోదయానికి నాలుగో గుడి (టెంపుల్ IV) ఎక్కడానికి ప్రత్యేక టికెట్, గైడ్ కావాలి. చీకట్లో టార్చ్ వెలుగులో అడవి దాటి, చెక్క మెట్లెక్కి, 65 మీటర్ల ఎత్తున్న ఆ గుడి మీద కూర్చోవాలి. చాలా రోజుల్లో మంచు కమ్మేసి సూర్యుడు అసలు కనపడడు. దానికి నిరాశ పడొద్దు, అక్కడ దక్కేది చెవులకి. చీకట్లో ముందు ఒక మూల నుంచి గుర్రుమని మొదలవుతుంది. తర్వాత ఇంకో మూల నుంచి జవాబు. కాసేపటికి అడవి మొత్తం గర్జిస్తున్నట్టు ఉంటుంది. పులులేమో అని కొత్తవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. అవి కోతులు, హౌలర్ కోతులు. తర్వాత మంచు పలచబడి ఒకటీ రెండూ మూడూ గుళ్ళ శిఖరాలు చెట్ల పైనుంచి బయటపడతాయి.

ఆ నాలుగో గుడి ద్వారం పైన ఉండాల్సిన చెక్కడపు దూలాలు సపోటా కలపవే. 19వ శతాబ్దంలో ఊడదీసి తీసుకెళ్ళిన వాటిని ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మ్యూజియంలో ఉంచారు. పన్నెండు వందల ఏళ్ళు దాటినా ఆ కలప చెక్కు చెదరలేదు.

కాలాక్‌ముల్, టికాల్ రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్ళకి వాటి కథ తెలియాలి. ఈ రెండు నగరాలూ బద్ధశత్రువులు. ఒకదానికొకటి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. పాము గుర్తుతో ఏలిన కాలాక్‌ముల్ రాజవంశం చుట్టుపక్కల రాజ్యాలన్నిటినీ తన వైపు తిప్పుకుంది. 562లో ఆ కూటమి చేతిలో టికాల్ ఓడిపోయింది. ఆ తర్వాత 130 ఏళ్ళ పాటు టికాల్‌లో తేదీ వేసిన శిలాఫలకం ఒక్కటి కూడా నిలబెట్టలేదు. 695లో హసావ్ చాన్ కావీల్ అనే టికాల్ రాజు కాలాక్‌ముల్‌ని ఓడించి పగ తీర్చుకున్నాడు. పెద్ద చౌకు మీద 47 మీటర్ల ఎత్తున నిలబడ్డ మొదటి గుడి కింద ఉన్నది ఆయన సమాధే. నాలుగో గుడి కట్టించింది ఆయన కొడుకు. ఈ కథ తెలిసి చూస్తే టికాల్‌లో ప్రతి మెట్టూ గెలుపు మెట్టులా కనిపిస్తుంది. కాలాక్‌ముల్‌లో మెత్తటి సున్నపురాయి మీద అరిగిపోయిన వందకు పైగా శిలాఫలకాల మధ్య నడుస్తుంటే గుండె బరువెక్కుతుంది. గుళ్ళు బాగా నిలబడి, మ్యూజియం, గైడ్లు, వసతి అన్నీ ఉండాలంటే టికాల్. మనుషుల అలికిడి లేని అడవి కావాలంటే కాలాక్‌ముల్.

చియాపాస్‌లోని పాలెంకేని ఈ పోలికలోకి తేలేదు. పకాల్ రాజు సమాధి 1952లో బయటపడిన ఆ నగరం చాలా అందమైనది. కానీ కాంకున్ నుంచి దూరం ఎక్కువ, ఆ రాష్ట్రంలో కొన్ని దారులు అంత సురక్షితం కాదు. వెళ్ళేవాళ్ళు విమానంలోనో, ఈ ప్రాంతంలో కొత్తగా వేసిన మాయా రైల్లోనో వెళ్ళి, ప్రయాణ హెచ్చరికలు చూసుకుని తిరగాలి.

బృందంలో ఎవరున్నారో చూసుకోండి

నలుగురిలో ఒకరికి మోకాళ్ళు సహకరించకపోతే ఆ ఒక్కరిని బట్టే నిర్ణయం జరగాలి. చిచెన్ ఇట్జా పూర్తిగా చదునైన నేల, ఎక్కేది ఏమీ లేదు, కాబట్టి అందరూ సమానంగా చూస్తారు. ఉష్మాల్‌లో కొన్ని ఎత్తు అరుగులు ఉన్నాయి, నెమ్మదిగా వెళ్తే ఇబ్బంది లేదు. టికాల్‌లో గుళ్ళ మధ్య నడకే చాలా ఉంటుంది, కాలాక్‌ముల్‌లో ఇంకా ఎక్కువ. అక్కడ ఎక్కలేనివాళ్ళు కింద దోమల మధ్య ఎదురుచూడాల్సి వస్తుంది. అది స్నేహితుడికి చేసే మర్యాద కాదు.

ఎండ సంగతి ఇంకోటి. ఏప్రిల్, మే నెలల్లో యుకతాన్ మన ఎండాకాలానికి ఏమాత్రం తీసిపోదు, పైగా ఉక్క. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, చివరి నెలల్లో తుఫాన్ల భయం. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. థాంక్స్ గివింగ్ సెలవులు అందుకే దీనికి సరిగ్గా సరిపోతాయి. ఆదివారాలు మెక్సికన్లకి ప్రవేశం ఉచితం, కుటుంబాలతో వస్తారు. చిచెన్ ఇట్జాకి మాత్రం ఆ రోజు వెళ్ళకండి.

వీసా విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మెక్సికోలోకి రావడానికి పనికొచ్చేది పాస్‌పోర్టులో ఉన్న గడువు తీరని అమెరికా వీసా, లేదా గ్రీన్‌కార్డు. హెచ్1బీ స్టాంపు గడువు అయిపోయి, ఐ-797 కాగితం (హెచ్1బీ ఆమోదపత్రం) మాత్రమే ఉన్న స్నేహితుడు ఉంటే మెక్సికో వీసా ముందే తీసుకోవాలి. అలాంటివాళ్ళు 30 రోజుల్లోపు మెక్సికో నుంచి తిరిగొస్తే పాత స్టాంపుతోనే అమెరికాలోకి రానిచ్చే నియమం ఒకటుంది. అదే ప్రయాణంలో గ్వాటెమాలా వెళ్తే ఆ వెసులుబాటు వర్తించదు. అంటే టికాల్ ప్లాన్‌లో అందరి స్టాంపులూ గడువులో ఉండాల్సిందే. టికెట్లు కొనేముందు కాన్సులేట్ సైట్లు, మీ లాయర్ మాట రెండూ చూసుకోండి.

కారు అద్దెకి తీసుకుంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆన్‌లైన్లో కనపడే చవక ధరలో అది ఉండదు, మన అమెరికా క్రెడిట్ కార్డు కవరేజీ దానికి పనికిరాదు. కౌంటర్ దగ్గర ధర మూడింతలు అయ్యేది అందుకే. టోల్ రోడ్డు మీద పెట్రోల్ బంకులు చాలా తక్కువ, కాంకున్‌లోనే ట్యాంకు నింపుకోండి. టోల్ లేని పాత రోడ్డు పల్లెల మధ్యనుంచి పోతుంది, చూడటానికి బాగుంటుంది, కానీ ప్రతి ఊళ్ళో తోపే అనే ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు, కొన్ని చోట్ల బోర్డు కూడా ఉండదు. చీకటి పడ్డాక ఆ దారుల్లో నడపొద్దు. డ్రైవింగ్ ఎవరికీ ఇష్టం లేకపోతే ఏడీవో కంపెనీ బస్సులు మెరిడా, వయ్యదోలిద్‌లకి చక్కగా నడుస్తాయి. 2023 డిసెంబర్‌లో మొదలైన మాయా రైలు కూడా ఉంది. కొన్ని స్టేషన్లు ఊరికి దూరంగా ఉంటాయి కాబట్టి అక్కణ్ణుంచి ఎలా వెళ్ళాలో ముందే చూసుకోండి.

శాకాహారులు బీన్స్ కనపడగానే ఆర్డర్ చేయకండి. చాలా చోట్ల పంది కొవ్వు వేసి వండుతారు. "సిన్ కార్నే, సిన్ మాంతేకా" అంటే మాంసం, కొవ్వు వద్దని అర్థమవుతుంది. నిమ్మరసం సూప్ అని రాసి ఉన్నదాంట్లో కోడి రసం ఉంటుంది. హాయిగా తినదగింది సికిల్ పాక్: వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, ఉల్లిపాయ కలిపి నూరిన పచ్చడి. దానికి వేడి టోర్టియాలు, పక్కన హబనేరో కారం. మన గుంటూరు మిరపకి కూడా మూలం ఈ ఖండమే. అయినా హబనేరోని మొదట చెంచా కొసతో రుచి చూడండి, దాని ఘాటు వేరు.

శిలాఫలకాల దగ్గర గైడ్‌ని తేదీ చదివి చూపించమని అడగండి. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు. ఆ లెక్కల్లో సున్నాకి గవ్వ లాంటి గుర్తు వాడేవారు. మన దేశంతో ఏ సంబంధమూ లేకుండా వాళ్ళు సొంతంగా కనిపెట్టుకున్న సున్నా అది. అయిదు నిమిషాల్లో నేర్చుకుంటే మిగతా ఫలకాల మీద అంకెలు మీరే చదువుకోవచ్చు.

ఇంకా గ్రూపులో మాట కుదరకపోతే ఒక దారుంది. మొదటి రాత్రి వయ్యదోలిద్, పొద్దున్నే చిచెన్ ఇట్జా, అదే రోడ్డు మీద ఇంకో గంటన్నర పోయి రెండో రాత్రి మెరిడా, మర్నాడు ఉష్మాల్. సెలవు లేనివాళ్ళు రెండో రోజు సాయంత్రమే మెరిడా నుంచి బస్సెక్కి కాంకున్ వెళ్ళిపోవచ్చు. మిగిలినవాళ్ళు కారుతో ముందుకి పోతారు. కారు అద్దె ఒప్పందంలో ఇద్దరు డ్రైవర్ల పేర్లు ఉండేలా మాత్రం మొదటి రోజే చూసుకోండి.